హిందీ అక్షరాల తెలుగు నవల

నా మొదటి నవలని చదివి అర్థం చేసుకోగలిగినవాళ్ళు బహుశా ఈ రాయపూర్‌లోనూ చుట్టుపక్కలా తప్ప ఇంకెక్కడా ఉండరు. గొప్ప కోసం చెప్పడం లేదు. తెలుగు మాటల్ని హిందీ అక్షరాల్లో రాశాను నేను. హిందీవాళ్ళకి చూపిస్తే అక్షరం తెలుస్తుంది, మాట తెలీదు. తెలుగువాళ్ళకి పంపిస్తే మాట తెలుస్తుంది, అక్షరం కొరుకుడు పడదు. రెంటికీ చెడ్డ రేవడి అంటారు చూడండి, అదీ నా నవల. ఇక్కడ పుట్టి, హిందీ బడిలో చదివి, ఇంట్లో తెలుగు మాట్లాడే మాలాంటివాళ్ళకి తప్ప ఇంకెవరికీ ఇలాంటి తప్పు చేద్దామన్నా చేతకాదు.

అది తప్పని నాకు తోచనైనా తోచలేదు. మా నాన్నది వరంగల్ వైపు. ఇక్కడి ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే పాతుకుపోయాడు. ఇంట్లో తెలుగే, వీధిలోకి వస్తే హిందీ. పచ్చిపులుసు ఎట్లా చేయాలో అమ్మ చెప్తే హిందీ అక్షరాల్లో రాసుకునేదాన్ని. మా అక్కకి ఫోన్లో మెసేజి పెట్టినా అంతే. అందరం అంతే. కాళ్ళకి ఏ చెప్పులు దొరికితే అవి వేసుకుని నడిచినట్టు నడిచిపోయేది. నడక మాత్రం తెలుగు నడకే అని నా ధీమా.

నవల ఎందుకు రాశానంటే, మా ఆయన పోయాడు గనక రాశాను. ఇందులో డొంకతిరుగుడు ఏమీ లేదు. ఆయన బతికుంటే నేను రచయిత్రినయ్యేదాన్ని కాదు, నాకు ఆ అవసరమే ఉండేది కాదు. రచయిత్రిని కాకుండా ఆయన్ని ఉంచుకోవడమే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. కానీ అడిగి ఇచ్చేవాడెవడు?

ఆయన నాకు దొరికింది కూలర్ వల్ల. ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రంగా వచ్చిన తొలి ఏళ్ళలో మా ఆఫీసు ఊళ్ళోనే ఒక పాత భవనంలో ఉండేది. నేను కంప్యూటర్ మీద ఉత్తరాలు కొట్టేదాన్ని. మే నెలలో రాయపూర్ ఎండ ఎలా ఉంటుందో చెప్తే నమ్మరు, వచ్చి చూడాల్సిందే. ఆ మే నెలలో మా గది కూలర్ ఆగిపోయింది. గుఢియారీలో మోటార్ వైండింగ్ షాపు ఉన్న ఒకతన్ని పిలిపించారు. సన్నగా, నల్లగా, చెవి వెనక టెస్టర్ పెట్టుకుని వచ్చాడు. కూలర్ వెనక జాలీ తలుపు తీసి చెయ్యి లోపల పెట్టాడు. ప్లగ్గు తీశామని చెప్పిన మహానుభావుడు తియ్యలేదు.

"ఓలమ్మో! సంపీసినార్రా నన్ను!" అని ఎగిరి అవతల పడ్డాడు.

గదిలో అందరూ కంగారుపడ్డారు. నేనొక్కదాన్నే పగలబడి నవ్వాను. తప్పే, మనిషికి కరెంటు కొడితే నవ్వుతారా ఎవరైనా? కానీ ఆ ఆఫీసులో చేరాక తెలుగు మాట వినడం అదే మొదలు, అదీ అలాంటి తెలుగు. ఆయన చెయ్యి విదిలించుకుంటూ నా వైపు తిరిగి, కోపంగా, "నవ్వుతారేటండీ? మీరు తెలుగోలా?" అన్నాడు.

"అవును. మీరు ఏ ఊరోళ్ళు?"

"మా అమ్మోలది సీకాకులం పక్క. నాను ఈడే పుట్టినాను. రైల్వే క్వార్టర్ల పైదాయిష్."

ఆ ఎండాకాలం మా కూలర్‌కి వచ్చినన్ని జబ్బులు ఏ కూలర్‌కీ వచ్చి ఉండవు. ఒకసారి పంపు, ఒకసారి కండెన్సర్, ఒకసారి ఏమీ కాకపోయినా 'చెక్ చేయడానికి'. మా హెడ్ క్లర్కు బడేబాబు విసిగిపోయి, "ఈ మిస్త్రీని మార్చండి, పని రాదు వీడికి" అన్నాడు. పని రాకపోవడమా! ఆ చేతికి రాని పని లేదు. పెళ్ళయ్యాక ఆ షాపులో స్టూలేసుకుని కూర్చుని చూసేదాన్ని. రాగి తీగ చుడుతున్నంతసేపూ నన్ను నోరెత్తనిచ్చేవాడు కాదు. "మాటాడకు, సుట్లు తప్పిపోతాయి" అనేవాడు. కాయిల్ పూర్తయ్యాక మాత్రం అప్పటిదాకా దాచుకున్న మాటలన్నీ ఒక్కసారిగా మీద పోసేవాడు. వార్నిష్ వాసన, ఆ వాగుడు, రెండూ కలిసి నాకు పెళ్ళి అంటే అదే అనిపించేది.

పిల్లలు లేరు మాకు. ఆయనా, నేనూ, మా అత్తమ్మా. మామగారు రైల్వేలో పని చేస్తూనే పోయారట, ఆమె ఒక్కతే కొడుకుని పెంచింది. బడి మొహం చూడని మనిషి. కొత్తలో నా తెలంగాణ తెలుగుని ఆమె వెక్కిరించేది, ఆమె తెలుగుని నేను వెక్కిరించేదాన్ని.

"'ఏందీ' అంటాదేటి ఈ పిల్ల? కాకి అరిసినట్టు."

"మరి నువ్వు 'ఏటీ' అంటే కోయిల కూసినట్టున్నదా, అత్తమ్మా?"

మధ్యలో ఆయన కూర్చుని, "ఇద్దరూ సరిగ్గానే కూత్తన్నారు, అన్నం ఎట్టండి" అనేవాడు.

అలాంటి ఒక మే నెలలోనే, షాపులో పని తలమునకలుగా ఉన్నప్పుడు, గుండె పట్టుకుని కూర్చుండిపోయాడు. ఐసీయూలో కొన్ని రోజులు ఉన్నాడు. నన్నొక్కదాన్నే లోపలికి పంపేవారు. తర్వాత లేడు.

ఆ తర్వాత మా అత్తమ్మ చేసిన పని ఏమిటంటే, ఆయన సంగతి ఇంట్లో ఎత్తనివ్వకపోవడం. ఫోటో బీరువాలో పెట్టేసింది. బంధువులెవరైనా వచ్చి "పాపం, ఎంత మంచివాడో" అని మొదలుపెడితే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. నేను ఏదైనా అనబోతే "ఆ మాట ఒగ్గీ" అనేది. ఎలా పోయాడని కూడా నన్ను అడగలేదు. ఇద్దరం ఒకే ఇంట్లో, ఒకే కుక్కర్‌లో అన్నం వండుకుని తింటూ, ఏళ్ళ తరబడి ఆయన గురించి ఒక్క ముక్క మాట్లాడుకోలేదు. నాకు ఊపిరాడేది కాదు. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. కానీ కొడుకుని పోగొట్టుకున్న మనిషి మీద ఏమని అరుస్తాం?

ఈలోగా మా ఆఫీసు నయా రాయపూర్‌కి మారింది. స్టాఫ్ బస్సులో పోను గంట, రాను గంట. బస్సులో ఆడవాళ్ళు కొందరు నిద్రపోతారు, కొందరు బఠానీలు ఒలుస్తారు, కొందరు అత్తగార్లని ఒలుస్తారు. నేను కిటికీ పక్కన కూర్చుని ఆఫీసులో పారేసిన కాగితాల వెనక రాయడం మొదలుపెట్టాను. మొదట ఊరికే ఆయన అన్న మాటలు రాసుకున్నాను. మొహమైతే ఫోటోలో ఉంటుంది, మాట ఎక్కడుంటుంది? ఒకరోజు పొద్దున ఆయన నన్ను ఏమని పిలిచేవాడో గుర్తుంది గానీ ఎలా పిలిచేవాడో చెవికి అందలేదు. భయమేసింది. ఆ భయంతోనే రాశాను. దారిలో మందిర్ హసౌద్ అనే ఊరి దాకా గతుకుల్లో నా రాత కోడి కెలికినట్టు ఉండేది, అది దాటి ఆ పెద్ద ఖాళీ రోడ్డు మీదికొచ్చాక గుండ్రంగా కుదిరేది.

మాటలు కాస్తా సంఘటనలయ్యాయి, సంఘటనలు అధ్యాయాలయ్యాయి. పేర్లు మార్చి నవల అని పేరు పెట్టుకున్నాను. మొదటిసారి రాసినప్పుడు ఆయన్ని దేవుణ్ణి చేసేశాను. చదువుకుంటే నాకే ఆవలింతలొచ్చాయి. ఆయన అలా ఉండేవాడా? అబద్ధాలు చెప్పి మా కూలర్ పాడుచేసిన మనిషి! చింపేశాను. మళ్ళీ రాశాను. ఆయన కోపం, షాపుకొచ్చిన గిరాకీలతో పెట్టుకున్న తగవులు, తెల్లారి నిద్ర లేవని బద్ధకం అన్నీ పెట్టాను. అప్పుడు కాగితం మీద కదిలాడు. ఆ రోజు బస్సులో ఏడ్చాను. పక్క సీటావిడ బఠానీల గిన్నె పక్కన పెట్టి నా వీపు నిమిరింది, ఎందుకని అడగలేదు. రాయడం వచ్చేసిందని ఆ రోజు మొదటిసారి అనిపించింది.

అచ్చులో చూసుకోవాలనే ఆశ పుట్టింది. అది పుడితే ఊరుకోదు. ఒక తెలుగు పత్రికకి మొదటి అధ్యాయం శుభ్రంగా తిరగరాసి పంపించాను. ఒక ఆదివారం ఆ పత్రిక సంపాదకుడు, ఒక పెద్దాయన, ఫోన్ చేశారు.

"అమ్మా, మేం హిందీ రచనలు వేసుకోమమ్మా."

"హిందీ కాదండీ, అది తెలుగు!"

"అక్షరాలు హిందీలో ఉన్నాయి కదమ్మా."

"అక్షరాలే కదండీ హిందీ! చదివి చూడండి, అంతా తెలుగే."

ఆ పెద్దాయన నవ్వాపుకోలేక దగ్గారు. "తల్లీ, మా ఆఫీసులో అది కూడబలుక్కుని చదివే ఓపిక ఎవరికీ లేదు. అక్షరాలు నేర్చుకో. మాట వచ్చినదానివి, గీత రాదా? రాసి పంపు, తప్పకుండా చూస్తాను" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. కానీ ఆయన పెట్టేయకుండా మాట్లాడినందుకు లోపల ఎక్కడో సంతోషమేసింది. ఆ వారమే ఒకటో తరగతి వాచకం తెప్పించుకుని అ, ఆ లు దిద్దడం మొదలుపెట్టాను. ఇదిగో, ఇప్పుడిది తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. ఒత్తుల దగ్గర ఇప్పటికీ చెమటలు పడతాయి.

ఆ ఫోన్ పెట్టేసి చూస్తే మా అత్తమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఎవులే? ఏటి పంపినావు?"

దాచి ప్రయోజనం లేదు. "ఆయన గురించి రాసిన, అత్తమ్మా. నవల."

ఆమె గుమ్మం దాటి నా మీదికొచ్చింది. "నా కొడుకు సచ్చిపోతే నువ్వు కతలు రాసుకుంటన్నావా? ఊరోలందరూ సదువుకుని సప్పట్లు కొట్టడానికా?"

"చప్పట్ల కోసం కాదు..."

"మరెందుకే?"

"నాకు ఆయన మాట మర్చిపోవాలని లేదు గనక! నువ్వు ఈ ఇంట్లో మాట్లాడనియ్యవు గనక! ఎక్కడ పెట్టుకోవాలె నేను?" అని అరిచాను. ఇన్నేళ్ళలో ఆమె మీద నోరెత్తడం అదే మొదలు.

తర్వాత కొన్నాళ్ళు ఒకరితో ఒకరం మాట్లాడుకోలేదు. కూర వండి మూత పెట్టేది, నేను వడ్డించుకుని తినేదాన్ని. ఆ మౌనంలో నేనొకటి నిశ్చయించుకున్నాను. ఆమె వద్దంటే ఆ కాగితాలు మూట కట్టి అటక మీద పడేస్తాను, మళ్ళీ కలం పట్టను. ఆయన నాకు మొగుడైతే ఆమెకి కొడుకు. అయితే వినకుండా వద్దంటే మాత్రం ఒప్పుకోను. ఆ మాటే ఆమెకి చెప్పాను. "ఒక్కసారి మొత్తం విను. విని వద్దంటే వదిలేస్తా."

ఆమె మొహం తిప్పుకుని అంది. "నీ నోట నాను విననేను. నువ్వు ఏడిసి నన్ను ఏడిపిత్తావు."

అది నిజమే. ఆయన మాటలు పైకి చదవబోతే నా గొంతు రెండో వాక్యానికే పట్టేస్తుంది. మరి చదివేదెవరు? ఆలోచిస్తుంటే గోడ అవతల పక్కింటి దీదీ పాట వినబడింది. ఛత్తీస్‌గఢీ మనిషి. భజన మండలిలో ముందు కూర్చుని చదివేది ఆమే, పెద్ద గొంతు. హిందీ అక్షరాలు గడగడా చదువుతుంది. తెలుగు ముక్క అర్థం కాదు. అర్థం కాదు గనక ఏడవదు!

సంగతి చెప్పకుండా అడిగాను. "ఒక తెలుగు కథ ఉంది, మా అత్తమ్మకి చదివి వినిపిస్తావా?" దీదీ నవ్వి, "అర్థం కాకుండా చదవడం నాకు కొత్తా? పంతులుగారి సంస్కృతం చదవడం లేదూ!" అంది.

శనివారం, ఆదివారం మధ్యాహ్నాలు వరండాలో చదువు సాగింది. అత్తమ్మ లాల్ భాజీ, అదే ఎర్ర తోటకూర, ఆకులు గిల్లుతూ కూర్చునేది. నేను వంటింట్లో, తలుపు వారగా వేసుకుని. దీదీ భజన రాగంలో ప్రతి మాటనీ సాగదీసి చదివేది. మా ఆయన, పాపం, హరిదాసులా మాట్లాడేవాడు. కరెంటు కొట్టిన చోటికి వచ్చేసరికి దీదీ "ఓలమ్మో, సంపీసినార్రా నన్నూఊ" అని ఆలాపన తీసింది. వంటింట్లో నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. వరండాలోంచి ఒక చిన్న శబ్దం వచ్చింది. తలుపు సందులోంచి చూస్తే అత్తమ్మ తల వంచుకుని నవ్వుతోంది.

"కా హోగే దాయీ?" అని దీదీ అడిగింది, ఏమైందమ్మా అని.

"కుఛ్ నహీ. పఢో, పఢో." ఏం లేదు, చదువు చదువు అంది అత్తమ్మ.

అలా వారాలు నడిచాయి. అత్తమ్మ అవుననలేదు, కాదనలేదు. శనివారం అన్నం తినగానే తనే చాప పరిచేది. దీదీ ఆలస్యమైతే గోడ మీంచి తొంగిచూసేది. నాకు ఆశ మొదలైంది. దాంతోపాటే భయం, ఎందుకంటే ముందు ఆస్పత్రి అధ్యాయం ఉంది.

ఆ మధ్యాహ్నం దీదీ ఎప్పటిలాగే రాగం ఎత్తుకుంది. కాసేపటికి రాగం తగ్గింది. తర్వాత మాట తగ్గింది. నేను వంటింట్లో గిన్నె పట్టుకుని నిలబడిపోయాను. అప్పుడు తెలిసింది నా తెలివి ఏపాటిదో. ఆస్పత్రి అధ్యాయంలో తెలుగెంత ఉంటుంది? ఐసీయూ, డాక్టర్, ఆక్సిజన్, హార్ట్, సైన్, బాడీ. అన్నీ దీదీకి తెలిసిన మాటలే. ఆ మాటలు ఒక్కొక్కటే పట్టుకుని ఆమె లోపలికి వచ్చేసింది.

"దాయీ," అంది కాగితంలోంచి తలెత్తి, "యే తో హమార్ భైయా కే బాత్ ఆయ్ కా?" ఇది మన అన్న సంగతా అని. ఆయన ప్రతి ఎండాకాలం దీదీ ఇంటి కూలర్ బాగుచేసేవాడు. రాఖీ కట్టించుకునేవాడు. కాగితాలు ఒళ్ళో పెట్టుకుని దీదీ వెక్కి వెక్కి ఏడ్చింది.

నేను బయటికి పరిగెత్తాను. అత్తమ్మ ఏడవడం లేదు. దీదీ తల తన భుజానికి ఆనించుకుని, ఆకు పసరు అంటిన చేత్తో నిమురుతోంది. నన్ను చూసి, "సదువు. ఇంకా ఉంది కదా" అంది.

"నావల్ల కాదు, అత్తమ్మా."

"అవుద్ది. కూకో."

కూర్చున్నాను. చదివాను. చదవలేని చోటల్లా ఆగాను, మళ్ళీ మొదలుపెట్టేదాకా అత్తమ్మ ఆగింది. ఐసీయూలో ఆయన నాతో చివరిసారి మాట్లాడిన చోటు వచ్చింది. నవలలో పేర్లు మార్చాను గానీ ఆ మాట ఒక్కటి ఎలా అన్నాడో అలాగే రాశాను. "అమ్మ గదిలో కూలర్‌కి నీల్లు పొయ్యి. ఆవిడ పోసుకోదు. డ్రైగా నడిసితే పంపు కాలిపోద్ది." అంతే. ప్రేమ అనీ, క్షమించమనీ ఏమీ చెప్పలేదు మా ఆయన. కూలర్ మిస్త్రీ, కూలర్ గురించే చెప్పాడు.

ఈ మాట ఆమెకి నేనెప్పుడూ చెప్పలేదు. చెప్పనిస్తే కదా!

అత్తమ్మ చేతిలోని కాడ కింద పెట్టింది. "అమ్మ గదిలో అన్నాడా?"

"అన్నడు."

"నన్నే తలుసుకున్నాడా?"

"నీ గురించే. ఆఖరికి నా గురించి గూడ కాదు." ఈ మాట అంటుంటే ఇన్నేళ్ళూ నాలో నేను దాచుకున్న కుళ్ళు కాస్త బయటపడింది. ఆమె కనిపెట్టింది. నా మోకాలి మీద చెయ్యి వేసింది. అప్పుడు వచ్చింది ఏడుపు, ముగ్గురికీ. పట్టపగలు, వరండాలో, గేటు ముందు కూరగాయల బండివాడు నిలబడి చూస్తుండగా. ఎవరేమనుకుంటే నాకేం? కడుపు నిండా ఏడ్చాం. వాన వెలిసినట్టు మెల్లగా ఆగింది. దీదీ వెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది.

నేను కాగితాలు సర్ది, అత్తమ్మ ముందు పెట్టాను. అడక్క తప్పదు. "ఇప్పుడు చెప్పు, అత్తమ్మా. వద్దంటే అటక మీద పెట్టేస్త. నిజంగనే."

ఆమె ఆ దొంతరని పైనుంచి కిందికి చూసింది. బొటనవేలితో అంచు ఒత్తి మందమెంతో చూసింది. తర్వాత నా మీద విరుచుకుపడింది.

"ఇన్ని కాయితాలు ఖరాబు సేసినావు. అంతా నువ్వూ ఆడూ, నువ్వూ ఆడూ. నాను ఆ ఒక్క మాటలోనే ఉన్నాను. కూలర్ కాడ! నీకు దొరికేతలికి ఆడికి మీసాలొచ్చీసినాయి. అంతకు ముందర ఆడు ఆకాశంలోంచి ఊడిపడ్డాడేటే? కన్నదాన్ని నానున్నాను, నన్నడగొద్దా?"

"అడగనిచ్చినవా నువ్వు?" అన్నాను.

"ఇప్పుడడుగు. కాయితం తే."

దీదీకి ఈ గొడవ ఏమీ అర్థం కాక మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. లోపలికి వెళ్ళి ఖాళీ కాగితాలూ పెన్నూ తెచ్చుకుని ఆమె ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. ఆమె కళ్ళు తుడుచుకుంది, కొంగు సర్దుకుంది, నేను పెన్ను మూత తీసేదాకా ఆగింది.

"ఆడు పుట్టగానే ఏడవనేదు," అంది. "నల్లగా, కదలకుండా పడున్నాడు. పోయినాడనుకున్నారు అందరూ. మంత్రసాని ఆడి కాళ్ళు అట్టుకుని తల్లకిందులుగా ఎత్తి వీపు మీద ఒకటేసింది. అప్పుడు ఏడిసినాడు, రైల్వే కాలనీ అంతా ఇనబడేటట్టు. ఆడేడుత్తుంటే నాను నవ్వినాను. రాసుకున్నావా? అక్కణ్ణించి మొదలెట్టు."